యంత్రానికి నేను నేర్పిన బొట్టు

2003 జూలై, శుక్రవారం. తేదీ అంకె మీద టమోటా రసం పడి చెరిగిపోయింది. ఆ రసం ఎక్కడిదో పోనుపోను మీకే తెలుస్తుంది.

స్థలం: కుప్పంలో ఒక కల్యాణమండపం. హాజరైనవారు: హైదరాబాదు నుంచి మా శాఖ జాయింట్ డైరెక్టరు గారు, విదేశీ కంపెనీ పెద్ద హెన్రిక్ గారు, ఆయన దేశ ప్రభుత్వ ప్రతినిధి ఒకరు (మొదటి ఉపన్యాసం నుంచి నిద్ర), కంపెనీ బెంగళూరు శాఖలో ఇంజనీరు సుమతి, పుంగనూరు పక్క పల్లె రైతు రెడ్డెప్ప, మదనపల్లెలో టమోటాలు కొనే మండీ యజమాని మునిరత్నం, నా భార్య రాజమ్మ, పసుపు కుంకుమల పళ్ళెంతో సహా, నేను. ఈ చివరి పేరు జాబితాలో లేకుండా ఉంటే రెండు దేశాలకూ ఎంతో మేలు జరిగి ఉండేది.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి డైరీ రాస్తున్నాను. వాన పడిందా, ఎవరొచ్చారు, ఎవరెందుకు అలిగారు అన్నీ ఉంటాయి. పాత డైరీలు తిరగేస్తుంటే మా ఆవిడ పట్టించుకోదు. ఈ ఒక్క పేజీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం వంటింట్లోంచి నవ్వు వినిపిస్తుంది. ఆ మరక వల్ల ఈ పేజీ అట్టలా గట్టిపడి పెళపెళమంటుంది లెండి, అదీ రహస్యం. రెండు ప్రభుత్వాలు, ఒక కంపెనీ సముద్రాలు దాటి కలుపుకోబోయిన చేతులను చిటికెడు కుంకుమతో విడదీసిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను. నవ్వండి, తప్పు లేదు. నాకు అలవాటైపోయింది.

అప్పట్లో నేను మదనపల్లెలో ఉద్యానశాఖ కార్యాలయంలో సూపరింటెండెంటుని. ఒక రోజు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. కృత్రిమ మేధస్సులో అంతర్జాతీయ సహకారమట. టమోటాలను కంటితో చూసి మంచివీ చెడ్డవీ వేరు చేసే యంత్రాన్ని విదేశీ కంపెనీ తయారు చేస్తుంది. వాళ్ళ ప్రభుత్వం ఖర్చులో భాగం పెట్టుకుంటుంది. మన వాటా ఏమిటంటే టమోటాలు, నేను.

బెంగళూరు నుంచి సుమతి వచ్చి నాకు ఒక కెమెరా ఇచ్చి, పని వివరించింది.

"సార్, ఈ యంత్రానికి మేము పాఠం చెప్పము. మంచి పండ్ల ఫోటోలు చూపిస్తాం, చెడ్డ పండ్ల ఫోటోలు చూపిస్తాం. తేడా ఏమిటో అదే కనుక్కుంటుంది."

"ఎవరూ చెప్పకుండా అదెలా కనుక్కుంటుందమ్మా?"

"చిన్నప్పుడు మీరు పులినీ పిల్లినీ ఎలా గుర్తుపట్టారు?"

"మా నాయన చూపించాడు."

"దీనికి నాయన లేడు సార్. ఇకమీదట మీరే."

ఆ మాటతో నా ఛాతీ పంపు కొట్టిన సైకిలు ట్యూబులా పొంగింది. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు యంత్రానికి చదువు చెప్పి చూడు అనడం ఎందుకు మరిచారో నాకు తెలియదు. చెప్పి ఉంటే జాగ్రత్త పడేవాణ్ణి.

మంచి తోట ఎవరిదంటే రెడ్డెప్పది. బోర్ల మీద బోర్లు వేసి, అన్నీ ఎండి, ఆఖరిదాని నీళ్ళతో పండించిన తోట. పండు చూస్తే నూనె రాసి కూర్చోబెట్టిన పసిబిడ్డలా ఉండేది. వాళ్ళ పంపుసెట్టు గది ముందు తెల్ల పంచె పరిచి, ఒక్కొక్క పండునూ దానిమీద పెట్టి ఫోటో తీయడానికి సిద్ధమయ్యాను. రెడ్డెప్ప చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"సార్, ఈ ఫోటోలు యాడికి పోతాయి?"

"విదేశానికి."

"ఉత్త మొగంతోనా?"

"అంటే?"

"బొట్టు లేకుండా పంపిస్తామా సార్, అంత దూరం? కొత్త లారీ కొంటే బొట్టు పెడతాం. బోరుబండి ఊర్లోకొస్తే బొట్టు పెడతాం. మీ ఆఫీసులో టైపు మిషనుకి పెట్టలేదా?"

పెట్టాం. ఆ ఏడాది ఆయుధపూజలో మిషను లోపల పడిన కుంకుమ సంక్రాంతి దాటినా రాలుతూనే ఉండింది. మా కార్యాలయం నుంచి కలెక్టరు గారికి వెళ్ళిన ప్రతి కాగితమూ పెళ్ళి శుభలేఖలా ఉండేది. అయినా ఒక ప్రభుత్వోద్యోగిగా నేను వాదించాను.

"పోయేది ఫోటో రెడ్డెప్పా. పండు కాదు కదా."

"మీ పెండ్లి ఫోటోలో మీకు బొట్టు లేదా సార్?"

పసుపు, కుంకుమ తెమ్మన్నాను.

అయితే బుట్టకొక బొట్టు పెట్టి ఊరుకుని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. నేను పద్ధతి గల మనిషిని. ఒక్కో పండుకూ ఒక్కో ఫోటో అని ఉత్తర్వులో ఉంది కనుక, ఒక్కో పండుకూ ఒక్కో బొట్టు ఉండాలని తీర్మానించాను. టమోటా నున్నగా ఉంటుంది, పసుపు జారిపోయింది. సాయంత్రం ఇంటికొచ్చి రాజమ్మకు చెబితే, "గంజిలో కలిపి పెట్టండి, సచ్చినా రాదు" అంది. పెట్టాను. నిజంగానే రాలేదు. గుండ్రంగా పసుపు, నడుమ కుంకుమ చుక్క. పేరంటానికి బయలుదేరిన ముత్తైదువుల్లా వరుసగా కూర్చున్నాయి పండ్లు.

తర్వాత కుళ్ళిన పండ్ల వంతు వచ్చింది.

"వీటికీ పెట్టేదా?" అన్నాను.

"దరిద్రం! వాటికి యాల సార్?" అన్నాడు రెడ్డెప్ప.

నిజమే కదా అనిపించింది. పుచ్చినవాటిని, మచ్చలవాటిని, పగిలినవాటిని వెలవెలబోయిన మొహాలతోనే ఫోటో తీశాను. ఇలా ఆ పంటకాలమంతా తీశాను. మంచి పండు ప్రతిదానికీ బొట్టు ఉంది. చెడ్డ పండు ఒక్కదానికీ లేదు. మీకు అర్థమైపోయింది కదూ? నాకు కాలేదు.

ఫోటోలన్నీ సీడీల్లోకి ఎక్కించి, సీలు వేసి, నేరుగా విదేశానికి పంపాం. కొన్నాళ్ళకు అక్కడి నుంచి ఒక ప్రశ్న వచ్చింది. "మీ ప్రాంతపు పండు మీద పసుపు వలయం, మధ్యన ఎర్ర మచ్చ కనబడుతున్నాయి. మంచి పండ్లన్నిటికీ ఇవి ఉంటాయా?" ఆ ప్రశ్న వాళ్ళ కంపెనీ నుంచి వాళ్ళ ప్రభుత్వానికీ, అక్కడి నుంచి మన ప్రభుత్వానికీ, జాయింట్ డైరెక్టరు గారికీ, చివరికి నాకూ వచ్చింది. బెంగళూరులో ఉన్న తెలుగుపిల్ల సుమతి కంట మాత్రం పడలేదు. అంతర్జాతీయ సహకారం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది: అడగవలసిన ఒక్క మనిషిని తప్ప అందరినీ అడగడం.

నేను గర్వంగా జవాబు రాశాను. "ఉంటాయి. మంచి పండు ఏదీ అవి లేకుండా మా చేతిని దాటదు."

వాళ్ళు దాన్ని ఈ ప్రాంతపు టమోటాకు పుట్టుమచ్చగా రాసుకున్నారట. నేను పంపిన ఫోటోల్లోనే కొన్నిటిని పక్కన ఉంచి, వాటితో యంత్రానికి పరీక్ష పెడితే ఒక్క తప్పు కూడా చేయలేదట. ఎందుకు చేస్తుంది? గురువు ఎవరు!

ఇక ఆ శుక్రవారం. కంప్యూటర్లంటే అలవాటున్న ఊరని, యంత్రాన్ని మొదట కుప్పంలో ప్రదర్శించి, అక్కడే ఒప్పందం మీద సంతకాలు చేయాలనుకున్నారు. కల్యాణమండపంలో వధూవరుల సింహాసనాల మీద హెన్రిక్ గారు, జాయింట్ డైరెక్టరు గారు కూర్చున్నారు. వెనక రెండు దేశాల జెండాలు. ముందు యంత్రం: ఒక నల్లని బెల్టు, దానిమీదికి వంగి చూసే కెమెరా, పక్కన మాట్లాడే పెట్టె. పండు మంచిదైతే "మంచిది, మొదటి రకం" అంటుంది. చెడ్డదైతే "పనికిరాదు" అంటుంది. గొంతు సుమతిదే, తేనె పూసినట్టుంటుంది.

గుమ్మం దగ్గర రాజమ్మ అతిథులందరికీ బొట్టు పెట్టింది. హెన్రిక్ గారు ఆరడుగుల పైన ఉంటే ఆయన్ను వంగమని, నుదుట ఇంత పసుపు, దానిమీద ఇంత కుంకుమ పెట్టింది. ఆయన మురిసిపోయారు. జాయింట్ డైరెక్టరు గారు మాత్రం పేపరు ఫోటోలో బాగుండదని చేతిరుమాలుతో తుడిచేసుకున్నారు. రాజమ్మ కెమెరాకు కూడా పెట్టబోతే సుమతి, "కంటికి వద్దమ్మా, కనపడదు" అని పట్టుకుంది.

రెడ్డెప్ప తోటలోంచి ఏరి తెచ్చిన క్రేట్లు బెల్టు పక్కన ఉన్నాయి. ఇవి బెల్టు ఈ చివరి నుంచి ఆ చివరికి పోయేవే గానీ దేశం దాటేవి కావు కనుక వాటికి బొట్టు అక్కర్లేదనుకున్నాం. పోలిక కోసం కుళ్ళిన పండ్లు ఒక గంపలో ఉన్నాయి.

రెడ్డెప్పకు ఆ రోజు పెద్ద రోజు. తోటంతా ఒక్కసారిగా పండుకొచ్చింది. టమోటా రెండు రోజులు ఆగే సరుకు కాదు. యంత్రం మొదటి రకం అంటే పంటంతా తానే ఒక్క చేత్తో కొంటానని మునిరత్నం మాట ఇచ్చాడు.

"సూస్కో మునిరత్నప్పా," అంటూ రెడ్డెప్ప మొదటి పండును బెల్టు మీద పెట్టాడు.

"పనికిరాదు," అంది యంత్రం తీయగా.

మండపంలో ఎవరో దగ్గారు. రెడ్డెప్ప ఇంకోటి పెట్టాడు.

"పనికిరాదు."

"ఇంగోటి పెట్టు రెడ్డెప్పా," అన్నాను.

"పనికిరాదు. పనికిరాదు. పనికిరాదు." అత్తగారు కొత్తకోడలి వంటలు రుచి చూస్తున్నట్టుగా ఉంది.

"ఎవురిది పనికిరాదు?" రెడ్డెప్ప తువ్వాలు విదిలించాడు. "దీని కండ్లు పనికిరావు! సార్, ఏమి సార్ ఇది?"

మునిరత్నం గడ్డం గోక్కున్నాడు. "రెడ్డెప్పా, నేననేది ఏమీ లేదప్పా. సముద్రాలు దాటి వచ్చిన మిషను సెప్తాండాది. ఇంతమంది విన్నారు. ఈ మాట మండీకి నాకంటే ముందు పోతాది."

రెడ్డెప్ప మొహం చూడలేకపోయాను. యంత్రం చెడితే కంపెనీ బాగు చేసుకుంటుంది, ఒప్పందం చెడితే ప్రభుత్వాలు ఇంకోటి రాసుకుంటాయి. రేపు ఉదయం మండీలో నిలబడవలసింది ఆ మనిషి.

"రైతు నాసిరకం సరుకు తెచ్చాడు," అన్నారు జాయింట్ డైరెక్టరు గారు గంభీరంగా.

హెన్రిక్ గారు లేచి, కెమెరాకు ఏమైందోనని దాని కిందికి తల పెట్టి పైకి చూశారు. కుప్పం ఎండకు ఆయన మొహం అప్పటికే పండిన టమోటాలా ఉంది.

"మంచిది, మొదటి రకం," అంది యంత్రం.

సుమతి చెప్పకూడదనుకుంటూనే ఆయనకు అనువాదం చేసింది. ఆయన పకపకా నవ్వారు. యంత్రం పాడైందని తేల్చేద్దామని జాయింట్ డైరెక్టరు గారు కూడా లేచి, పక్కకు వంగి తల పెట్టారు.

"పనికిరాదు."

ఆయన మళ్ళీ పెట్టారు. అంత పెద్ద అధికారి, అంత అనుభవం, మళ్ళీ ఎందుకు పెట్టారో!

"పనికిరాదు."

ఆయన డ్రైవరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తాడు. సుమతి మాత్రం నవ్వలేదు. హెన్రిక్ గారి నుదుటిని, జాయింట్ డైరెక్టరు గారి నుదుటిని మార్చి మార్చి చూసి, మెల్లగా నా వైపు తిరిగింది.

"సార్, ఫోటోలు తీసేటప్పుడు పండ్లకు ఏమైనా పూశారా?"

"పసుపు, కుంకుమ," అన్నాను ఉత్సాహంగా. "గంజిలో కలిపి. ఒక్క పండు కూడా వదల్లేదమ్మా, ఉత్తర్వులో ఉన్న పద్ధతి ప్రకారం ఒక్కో..."

అక్కడ నా మాట నాకే వినపడింది.

"చెడ్డ పండ్లకు?"

"వాటికి... యాల?" అన్నాను. రెడ్డెప్ప మాటే నోటికొచ్చింది.

సుమతి కుర్చీలో కూలబడి, గొంతు తగ్గించింది. "సార్, అది టమోటానే చూడలేదు. బొట్టు ఉంటే మంచిది, లేకుంటే పనికిరాదు. అంతే నేర్చుకుంది."

"దీనికి నేర్పిన నాయన ఎవరు?" అని జాయింట్ డైరెక్టరు గారు పళ్ళు నూరారు. మండపంలో ఉన్న చేతులన్నీ నా వైపు చూపించాయి. పుత్రోత్సాహము తండ్రికి ఎప్పుడు కలుగుతుందో తెలియదు గానీ, ఆ క్షణంలో మాత్రం కలగలేదు.

ఆయన నా చెవిలో, "సంతకాలయ్యేదాకా నోరు విప్పకండి. ఆ పండ్లకు త్వరగా బొట్లు పెట్టించండి" అన్నారు. రాజమ్మ పళ్ళెం పట్టుకుని క్రేటు దగ్గర కూర్చుంది. ఆమె పెట్టడం, నేను బెల్టు మీద ఉంచడం. "మంచిది, మొదటి రకం. మంచిది, మొదటి రకం." మండపం చప్పట్లతో మోగింది. మునిరత్నం కూడా తల ఊపాడు.

"ఇప్పుడు సరే రెడ్డెప్పా. పంటంతా నాదే."

గండం గడిచిందనుకున్నాను. రెడ్డెప్ప అనుకోలేదు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఇందాక సెడ్డదైన పండు ఇప్పుడెట్ల మంచిదాయ? నా పండుకు మర్యాద దాని పసను బట్టా, బొట్టును బట్టా?" అంటూ గంపలోంచి కుళ్ళి కారుతున్న పండు ఒకటి తీసి, రాజమ్మ పళ్ళెంలో వేలు ముంచి, దానికి బొట్టు పెట్టి బెల్టు మీదికి విసిరాడు.

"రెడ్డెప్పా, వద్దప్పా!" అన్నాను.

"మంచిది, మొదటి రకం," అంది నా శిష్యురాలు, నిండు గౌరవంతో.

ఆ పండు బెల్టు చివరిదాకా ఊరేగి, అక్కడ నిలబడ్డ నా చేతిలోని డైరీ మీద పడి పగిలింది. మరక కథ ఇదీ. ఆ చప్పుడుకు వాళ్ళ ప్రభుత్వ ప్రతినిధి నిద్రలేచి, సంతకాలైపోయాయనుకుని, నిలబడి చప్పట్లు కొట్టారు. పాపం, ఒక్కరే.

మునిరత్నం చెప్పులు వేసుకున్నాడు. "ఇది సెప్పిన మంచీ వద్దు, సెడ్డా వద్దు. నా మాటా లేదు, నీ మాటా లేదు. రేపొద్దన మండీకి తెచ్చుకో రెడ్డెప్పా, అందరితో పాటు సూస్తా."

హెన్రిక్ గారు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఏదో అన్నారు. సుమతి తెలుగులో చెప్పింది: "యంత్రం తప్పు లేదంటున్నారు సార్. గురువు చూపింది చూపినట్టు నేర్చుకుందంటున్నారు. సంతకాలు ఇప్పుడు కాదు, మళ్ళీ ఫోటోలు తీశాక. ఈసారి పండ్ల మొహాలు కడిగి."

"ఆ ఫోటోలు వేరే ఎవరైనా తీస్తారు," అన్నారు జాయింట్ డైరెక్టరు గారు. "ఈయన చేసిన సహకారం చాలు."

మరుసటి రోజు ఉదయం నేను మదనపల్లె మార్కెట్టుకు వెళ్ళాను. రెడ్డెప్ప పక్కన నిలబడి, తప్పు పండుది కాదు నాదని అరిచి చెప్పాలని నిర్ణయించుకున్నాను. పోయి చూస్తే మార్కెట్టే మారిపోయి ఉంది.

వాల్మీకిపురం క్రేట్లు, సదుం క్రేట్లు, అంగళ్లు క్రేట్లు, ఏ వరుస చూసినా పైపండ్లన్నిటికీ పసుపు, కుంకుమ. మార్కెట్టంతా సామూహిక వరలక్ష్మీవ్రతంలా ఉంది.

"ఏమప్పా ఇది?" అని ఒక రైతును అడిగాను.

"తెలీదా సార్? ఫారిన్ మిషను వస్తాండాదంట. బొట్టు పెట్టిన పండునే మొదటి రకం అంటాదంట. మీ ఆఫీసులో ఎవురో సారు దానికి నేర్పించినాడంట. మహానుభావుడు!"

నేను తువ్వాలు తలకు చుట్టుకుని, మొహం కనపడకుండా ముందుకు నడిచాను.

రెడ్డెప్ప క్రేట్లు ఒక మూలన ఉన్నాయి. వాటికి మాత్రం ఒక్క బొట్టూ లేదు. కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. మునిరత్నం వరుసగా చూసుకుంటూ వచ్చాడు. పక్కవాడి క్రేటులో బొట్టు పండు తీసి, తుడిచి చూస్తే, కుంకుమ కింద పుచ్చు. ఇంకొకటి తుడిచాడు, పగులు. గంజి కలిపిన పసుపు ఎంత పగులునైనా కప్పుతుందని ఆ రాత్రికి రాత్రే జిల్లాకంతా తెలిసిపోయినట్టుంది. ఇదీ నా విద్యాదానమే.

మునిరత్నం రెడ్డెప్ప క్రేటు అడుగుదాకా చెయ్యి పెట్టి ఒక పండు తీసి, కొరికి, నమిలాడు.

"నీదానికి బొట్టు యాల పెట్టలేదప్పా?"

"నా పండుకు మొగం ఉండాది. ముసుగు వద్దు."

"ఈ మార్కెట్లో మొగం కనపడేది నీదొక్కటే," అన్నాడు మునిరత్నం. "తోటంతా కోసుకోని రా. మొన్న సెప్పిన రేటే."

అప్పుడు రెడ్డెప్ప నా వైపు తిరిగాడు. తువ్వాలు చుట్టుకున్నా గుర్తుపట్టాడు. నన్ను కింది నుంచి పై దాకా చూసి, సుమతి గొంతుతో, తేనె పూసినట్టు అన్నాడు: "పనికిరాదు." ఆ తర్వాత నవ్వి, ఒక పండు నా చేతిలో పెట్టాడు.

ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, తూర్పు ముఖంగా నిలబడి, డైరీ మీద కుడిచెయ్యి పెట్టి గట్టిగా ప్రమాణం చేశాను. "నేను, అనగా పై పేజీలో హాజరైన వాణ్ణి, ఇకమీదట కళ్ళున్న ఏ యంత్రానికీ, అది స్వదేశీ అయినా విదేశీ అయినా, పాఠం చెప్పను. ఫోటో దిగబోయే ఏ కూరగాయ జోలికీ పసుపు కుంకుమలతో వెళ్ళను. నా వల్ల ఇంకే రెండు ప్రభుత్వాలూ..."

రాజమ్మ కుంకుమభరిణె పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. నా నుదుటికేసి చూసింది.

"ఆగండి. ముందు బొట్టు పెట్టుకోని, మొదటి నుంచి సెప్పండి," అంది. "ఇట్లయితే పనికిరాదు."